దేవుని ఎదుట దాపరికం లేకుండా: ఆయనతో ఏకమై, సత్యంలో నడవడం ఎలా?

"ప్రార్థన చేస్తున్నాను, వాక్యం చదువుతున్నాను, ఆరాధన మానట్లేదు, అయినా దేవునికీ నాకూ మధ్య ఏదో అడ్డు ఉన్నట్టే ఉంది." ఈ మాట విశ్వాసుల నోట తరచుగా వినిపిస్తుంది, బహుశా మీరూ లోలోపల అనుకునే ఉంటారు. అలా అనిపించగానే ప్రార్థన టైమ్ పెంచుతాం, ఉపవాసం పెట్టుకుంటాం, ఇంకో బైబిల్ ప్లాన్ మొదలుపెడతాం. అవన్నీ మంచివే, వద్దనను. అయితే నేను గమనించినంతవరకు చాలామందికి కొదువైంది సమయం కాదు, నిజం. దేవుని దగ్గరికి వెళ్తాం గానీ చెప్పుకోదగ్గవి మాత్రమే పట్టుకెళ్తాం. ఆ రోజు ఎవరి మీద కడుపు మండిందో, ఎక్కడ అబద్ధం ఆడి గట్టెక్కామో, ఏ కోరిక మనసులో తిరుగుతోందో అవన్నీ గది బయటే వదిలేసి, చేతులు కట్టుకుని లోపలికి వెళ్తాం.

ఆదికాండము 3వ అధ్యాయంలో పాపం చేసిన ఆదాము చెట్ల మధ్య దాక్కున్నాడు. అప్పుడు దేవుడు అడిగిన మొదటి ప్రశ్న "నీవు ఎక్కడ ఉన్నావు?" అని. ఆయనకు తెలియక అడగలేదు, ఆదాము తన నోటితో తానే చెప్పుకోవాలని అడిగాడు. కింద రాసిన అడుగులన్నీ ఆ ప్రశ్నకు ఉన్నదున్నట్టు జవాబు చెప్పడం నేర్చుకోవడానికే.

మొదట: ఇది సంపాదించుకునేది కాదని ఒప్పుకోండి

యోహాను 15లో యేసు ద్రాక్షావల్లి, తీగెల గురించి చెప్పాడు. "నాయందు నిలిచియుండుడి" అన్నాడు. తీగెను వచ్చి అతుక్కోమనలేదు, ఉన్నచోటే ఉండమన్నాడు. సిలువకు ముందు రాత్రి చేసిన ప్రార్థనలో కూడా (యోహాను 17) తండ్రీ తానూ ఒకటై ఉన్నట్టే తనవాళ్లు కూడా తమలో ఏకమై ఉండాలని ఆయనే అడిగాడు. అంటే ఈ ఏకత్వం మన ఆలోచన కంటే ముందు ఆయన కోరిక.

ఇది ముందే ఎందుకు చెప్తున్నానంటే, దేవుని ప్రేమ తన ప్రవర్తనను బట్టి వస్తుందనుకునేవాడు నిజం చెప్పలేడు. మార్కులు తగ్గుతాయన్న భయం ఉన్నచోట తప్పులు దాచడమే సహజం. కాబట్టి ప్రార్థనకు కూర్చున్న ప్రతిసారీ, మిగతావన్నీ పక్కన పెట్టి ముందు ఈ ఒక్క మాట చెప్పండి: "ప్రభువా, నేను బాగున్నానని రాలేదు, నువ్వు రమ్మన్నావు కాబట్టి వచ్చాను." నోటితోనే చెప్పండి, మనసులో అనుకుని వదిలేయకండి.

చోటు, వేళ: చిన్నగా పెట్టుకోండి

మార్కు 1:35లో యేసు ఇంకా చీకటి ఉండగానే లేచి ఎవరూ లేని చోటికి వెళ్లి ప్రార్థించాడని ఉంది. మత్తయి 6:6లో గదిలోకి వెళ్లి తలుపు వేసుకోమన్నాడు. తలుపు వేసుకోమనడంలో ఒక సూక్ష్మం ఉంది. చూసేవాళ్లు లేనప్పుడు మనిషి నటించాల్సిన అవసరం ఉండదు. విడిగా గది లేకపోతే బాల్కనీ, మేడమెట్లు, అందరూ లేవకముందు వంటగది, ఏదైనా సరే. ఫోన్ మాత్రం చేతికి అందకుండా పెట్టండి, బైబిల్ యాప్ కోసం అని దగ్గర పెట్టుకున్నా సరే మధ్యలో ఒక మెసేజ్ చాలు, మనసు ఎక్కడికో వెళ్లిపోతుంది. పావుగంటతో మొదలుపెట్టండి. రోజూ ఆగకుండా సాగే పావుగంట, వారానికోసారి ఆవేశంగా పెట్టుకునే మూడు గంటల కంటే మేలు.

ప్రార్థనలో మొదటి మాట మీ అసలు పరిస్థితి కావాలి

మనకు అలవాటైన ప్రార్థన భాష ఉంటుంది. స్తోత్రాలతో మొదలై, అందరినీ ఆశీర్వదించమని అడిగి, యేసు నామంలో ముగుస్తుంది. అది తప్పని చెప్పట్లేదు. కానీ లోపల కోపంతో ఊగిపోతూ పైకి "నీ కృప ఎంత మధురం ప్రభువా" అంటుంటే ఆ ప్రార్థనలో మీరు లేరు, మీ నోరు మాత్రమే ఉంది.

150 కీర్తనల్లో ఎన్నో మొరలు, ఫిర్యాదులు ఉన్నాయి. 13వ కీర్తన "యెహోవా, ఎంతకాలము?" అని అడుగుతూ మొదలవుతుంది. వాటిని దేవుడు తన గ్రంథంలో ఉండనిచ్చాడంటే మన కోపం, అలసట, అనుమానం వినడానికి ఆయనకు ఇబ్బంది లేదనే అర్థం. కాబట్టి ఇలా మొదలుపెట్టి చూడండి: "ప్రభువా, ఈ రోజు నాకు ప్రార్థన చేయాలని లేదు. తమ్ముడికి మంచి ఉద్యోగం వచ్చిందని అందరూ సంతోషిస్తున్నారు, నాకు లోపల అసూయగా ఉంది. దానికి సిగ్గుగా కూడా ఉంది. నాకు సంతోషం ఎలా తెచ్చుకోవాలో తెలియట్లేదు, సహాయం చెయ్యి." ఇందులో ఒక్క పెద్ద మాట లేదు. అయినా ఇది నిజమైన ప్రార్థన, ఎందుకంటే దేవుడు పని చేయాల్సిన చోటును మీరు తెరిచి చూపించారు.

సమరయ స్త్రీ విషయం చూడండి (యోహాను 4). ఆత్మతోను సత్యముతోను ఆరాధించాలనే గొప్ప బోధ యేసు ఆమెకు ఇచ్చాడు. దానికి ముందు ఆమె ఇంటి సంగతి బయటికి వచ్చింది. నాకు పెనిమిటి లేడని ఆమె అన్నప్పుడు, నువ్వు చెప్పింది నిజమే అని ఆయన అన్నాడు, ఆమెకు అంతకుముందున్న అయిదుగురు పెనిమిట్ల సంగతీ ఆయనే చెప్పాడు, అయినా ఆమెను వెళ్లిపొమ్మనలేదు. ఆరాధన గురించిన మాట ఆ తర్వాతే వచ్చింది. ఆ క్రమం నాకు చాలా ముఖ్యంగా అనిపిస్తుంది.

వాక్యాన్ని మెల్లగా చదవండి, అది మిమ్మల్ని అడిగేదాకా

ఏడాదిలో బైబిల్ మొత్తం చదవడం మంచి అలవాటే. దానికి తోడుగా కొద్ది వచనాలను నిదానంగా చదివే అలవాటు కూడా ఉండాలి. 12వ శతాబ్దంలో గీగో అనే కార్తూసియన్ సన్యాసి ఈ పద్ధతిని నాలుగు మెట్లుగా చెప్పాడు: చదవడం, ధ్యానించడం, ప్రార్థించడం, ఆ తర్వాత మాటలు ఆపి దేవుని సన్నిధిలో ఊరకే ఉండడం. ఇది సన్యాసులకే పరిమితం కాదు, ఏ సంఘంవాళ్లైనా చేయొచ్చు.

ఉదాహరణకు మార్కు 10:46-52 తీసుకోండి. గుడ్డివాడైన బర్తిమయి దారి పక్కన కూర్చుని కేకలు వేస్తున్నాడు. ఒకసారి మామూలుగా చదవండి. రెండోసారి ఇంకా మెల్లగా, వీలైతే పైకి చదవండి. ఊరుకోమని జనం గద్దించడం, అతను మరింత గట్టిగా కేక వేయడం, పైవస్త్రం పారేసి లేచి రావడం, ఒక్కొక్కటీ కళ్లముందు చూడండి. అప్పుడు యేసు అడిగిన ప్రశ్న దగ్గర ఆగండి: నేను నీకేమి చేయాలని కోరుతున్నావు? గుడ్డివాడికి ఏం కావాలో ఎదురుగా కనబడుతూనే ఉంది కదా, అయినా అడిగాడు. ఇప్పుడు అదే ప్రశ్న మిమ్మల్ని అడుగుతున్నట్టు వినండి. వెంటనే నోటికొచ్చే జవాబు భక్తిగా ఉండొచ్చు. దాని వెనకాల ఇంకో జవాబు ఉంటుంది: "అప్పు తీరాలి", "మా ఆయన నాతో సరిగ్గా మాట్లాడాలి", "ఒంటరితనం భరించలేకపోతున్నాను". ఆ రెండో జవాబునే చెప్పండి. చెప్పాక రెండు నిమిషాలు ఏమీ అడగకుండా కూర్చోండి. మనసు అటూ ఇటూ పోతుంది, పోనివ్వండి, మళ్లీ ఆ ప్రశ్న దగ్గరికే తీసుకురండి.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే యోహాను సువార్త 21 అధ్యాయాలు, తర్వాత యోహాను మొదటి పత్రిక 5 అధ్యాయాలు చదవండి. నిలిచియుండడం, సత్యం, వెలుగు, ప్రేమ, ఈ విషయాలు ఆ రెండింటిలో ఉన్నంత దగ్గరదగ్గరగా ఇంకెక్కడా ఉండవు.

రాత్రి పూట రోజును ఆయనతో కలిసి చూడండి

జెస్యూట్ సన్యాసుల సభను స్థాపించిన లొయోలా ఇగ్నేషియస్ (1491-1556) తన వాళ్లకు రోజూ ఆత్మపరీక్ష నేర్పాడు. దాని క్రమం సులువే. ముందు కృతజ్ఞత, తర్వాత చూపునివ్వమని అడగడం, తర్వాత రోజంతా నెమరువేసుకోవడం, తప్పులకు క్షమాపణ, చివరికి రేపటి కోసం ఒక నిర్ణయం. పది నిమిషాలు చాలు. కీర్తన 139లోని "దేవా, నన్ను పరిశోధించి నా హృదయమును తెలిసికొనుము" అనే ప్రార్థనతో మొదలుపెట్టండి. పరిశోధించేది ఆయన, మీరు పక్కన కూర్చుని చూస్తున్నారు అంతే.

ఒక చిన్న నోటుబుక్ పెట్టుకోండి. సాకులు, వివరణలు లేకుండా జరిగింది జరిగినట్టు ఒక వాక్యంలో రాయండి. "ఆఫీసులో కొంచెం కన్ఫ్యూజన్ అయింది" అని రాయకండి. "ఫైల్ పంపకుండానే పంపేశానని మేనేజర్‌తో చెప్పాను, తర్వాత హడావిడిగా పంపి, నెట్ సమస్య అన్నాను" అని రాయండి. దాని కింద ఎందుకు అనే ప్రశ్నకు జవాబు రాయండి: "అసమర్థుడినని అనుకుంటాడేమోనని భయం." చూశారా, అబద్ధం వెనకాల భయం దొరికింది. దేవునితో మాట్లాడాల్సిన అసలు విషయం ఆ భయమే. ప్రతి అబద్ధం వెనకాల ఇలాంటిది ఒకటి ఉంటుంది, పరువు పోతుందనో, ప్రేమ పోతుందనో, డబ్బు పోతుందనో.

ఇక్కడ ఒక జాగ్రత్త. కొందరికి ఈ పరీక్ష మొదలుపెట్టగానే తమను తాము తిట్టుకోవడమే పని అవుతుంది. పరిశుద్ధాత్మ ఒప్పించేటప్పుడు ఫలానా తప్పు అని స్పష్టంగా ఉంటుంది, తండ్రి దగ్గరికి వెళ్లాలనిపిస్తుంది. "నువ్వింతే, నువ్వు మారవు" అనే గొంతు ఏ తప్పో చెప్పదు, దేవుని నుంచి దూరంగా తోస్తుంది. ఆ రెండో గొంతును దేవునిదిగా ఎంచకండి. తప్పుల కంటే ముందు కృతజ్ఞతలు రాయమన్నది అందుకే.

ఒప్పుకోండి, సరిచేయగలిగింది సరిచేయండి

మన పాపములను మనము ఒప్పుకొంటే ఆయన క్షమించి పవిత్రులనుగా చేస్తాడని 1 యోహాను 1:9 చెప్తుంది. ఇది గట్టి మాట, దాని మీద నిలబడొచ్చు. కానీ దేవుని దగ్గర ఒప్పుకుని మనిషి దగ్గర తప్పించుకు తిరగడానికి దాన్ని వాడుకోకూడదు. బలిపీఠం దగ్గర అర్పణ తెచ్చినవాడికి సహోదరుడితో గొడవ గుర్తొస్తే అర్పణ అక్కడే వదిలి, ముందు వెళ్లి సమాధానపడమని యేసు చెప్పాడు (మత్తయి 5:23-24). జక్కయ్య అయితే ఎవరి దగ్గరైనా అన్యాయంగా తీసుకుని ఉంటే నాలుగంతలు తిరిగిస్తానన్నాడు.

మరి ఫైల్ సంగతి ఏం చేయాలి? మర్నాడు మేనేజర్ దగ్గరికి వెళ్లి ఇలా చెప్పొచ్చు: "సార్, నిన్న ఫైల్ పంపేశానని చెప్పాను, అప్పటికి పంపలేదు. నెట్ సమస్య కూడా కాదు. అలా చెప్పి ఉండకూడదు, సారీ." అంతే. ఎందుకలా చేశారో పెద్ద కథ చెప్పకండి, "మీరు కూడా ప్రెషర్ పెట్టారు కదా" అని తోక తగిలించకండి. ఒప్పుకోలులో "కానీ" అనే మాట వచ్చిందంటే అది వాదన అయిపోతుంది. అవతలివాళ్లు క్షమించకపోవచ్చు, నమ్మకం తిరిగి రావడానికి టైమ్ పట్టొచ్చు. అది వాళ్ల హక్కు.

పెద్ద విషయాలైతే, అంటే పెళ్లి బంధాన్ని, ఇతరుల డబ్బును, ఎవరి భద్రతనైనా తాకేవైతే, తొందరపడి ఒక్కరే వెళ్లకుండా ముందు నమ్మకమైన ఒక పెద్దతో, పాస్టర్‌తో లేదా ఫాదర్‌తో మాట్లాడండి. మీ మనసు తేలికపడటం కోసం ఇంకొకరి నెత్తిన బరువు పడేయడం ప్రేమ కాదు. మీ మీద దౌర్జన్యం చేసిన మనిషి దగ్గరికి ఒంటరిగా వెళ్లి సమాధానపడమని కూడా ఎవరూ మిమ్మల్ని బలవంతం చేయకూడదు. ముందు మీరు క్షేమంగా ఉండాలి.

నోటి మాట

"మీ మాట అవునంటే అవును, కాదంటే కాదు అని యుండవలెను" (మత్తయి 5:37). ఈ ఒక్క వచనాన్ని వారం రోజులు పట్టుకుని చూడండి, రోజుకు ఎన్నిసార్లు మెలిక తిప్పుతామో మీకే తెలుస్తుంది. "దారిలో ఉన్నాను" అని ఇంట్లోంచి చెప్పడం. విననిదాన్ని విన్నట్టు, చదవనిదాన్ని చదివినట్టు తలూపడం. రాలేనని తెలిసీ "చూద్దాం" అనడం.

విశ్వాసులకు ప్రత్యేకంగా రెండున్నాయి. ఒకటి, "మీ కోసం ప్రార్థన చేస్తాను" అని చెప్పి మర్చిపోవడం. దీనికి మందు సులువు, ఆ క్షణంలోనే, ఫోన్ పెట్టేయకముందే రెండు మాటలు ప్రార్థన చేసేయండి. రెండోది ఇంకా పెద్దది: మన సొంత ఇష్టానికి "దేవుడు నాతో చెప్పాడు" అని ముద్ర వేయడం. "నాకు ఇలా అనిపిస్తోంది, ప్రార్థనలో ఇంకా చూస్తున్నాను" అంటే ఏమీ పోదు, అవతలివాళ్లకు ప్రశ్నించే స్వేచ్ఛ ఉంటుంది.

పొలం అమ్మి, కొంత డబ్బు దాచుకుని, మిగతాదే మొత్తమన్నట్టు అపొస్తలులకు తెచ్చిచ్చి ప్రాణాలు పోగొట్టుకున్న భార్యాభర్తలు అననీయ, సప్పీరాల సంగతి (అపొస్తలుల కార్యములు 5) చాలామంది డబ్బు దాచుకున్నందుకు శిక్ష అనుకుంటారు. పేతురు మాటలు జాగ్రత్తగా చదవండి. పొలం మీదే, అమ్మాక డబ్బు కూడా మీ వశంలోనే ఉంది కదా అన్నాడు. కొంత ఉంచుకున్నా తప్పు లేదు. కొంత ఇచ్చి మొత్తం ఇచ్చినట్టు కనబడాలనుకోవడమే తప్పు. సాక్ష్యం చెప్పేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. ఇంకా పోరాడుతున్న విషయాన్ని జయించేసినట్టు చెప్పొద్దు. "ఇంకా పోరాడుతున్నాను, దేవుడు విడిచిపెట్టలేదు" అనే సాక్ష్యం వినేవాళ్లలో ఎంతమందికి ఊపిరి పోస్తుందో.

అలాగని మనసులోనిదంతా అందరికీ చెప్పేయాలని కాదు. యేసు హేరోదు ముందు ఒక్క మాటా మాట్లాడలేదు (లూకా 23:9). మౌనం అబద్ధం కాదు. "ఆ విషయం నేను మాట్లాడను" అనడం కూడా సత్యమే. ఇక ముక్కుసూటిగా మాట్లాడతానంటూ మనుషుల్ని గాయపరిచేవాళ్లకు పౌలు చెప్పింది, ప్రేమ కలిగి సత్యం చెప్పమని (ఎఫెసీ 4:15). చెప్పబోయే ముందు, ఇది అతని మేలు కోసమా, నా కసి తీరడానికా అని ఒక్కసారి అడగండి. రెండోదైతే ఆ రోజుకు ఆగండి.

పనుల మధ్యలో

17వ శతాబ్దంలో పారిస్‌లోని కార్మెలైట్ మఠంలో బ్రదర్ లారెన్స్ అనే ఆయన వంటగదిలో పనిచేసేవారు. ప్రార్థన వేళకీ పని వేళకీ తేడా లేకుండా, గిన్నెల మధ్యలోనే దేవునితో మాట్లాడుతూ ఉండేవారు. మనం దీన్ని ఒక చిన్న పనికి ముడిపెట్టుకోవచ్చు: తలుపు తీసేటప్పుడు, బండి స్టార్ట్ చేసేటప్పుడు, ఫోన్ ఎత్తే ముందు ఒక వాక్యం. తూర్పు సంఘాల్లో తరతరాలుగా చేస్తున్న చిన్న ప్రార్థన ఉంది, "ప్రభువైన యేసు క్రీస్తూ, దేవుని కుమారుడా, పాపినైన నన్ను కరుణించు." ఊపిరితో పాటు మెల్లగా అనుకోవచ్చు. మర్చిపోతే గుర్తొచ్చినప్పుడు మళ్లీ మొదలుపెట్టండి.

ఏమీ అనిపించని రోజులు వస్తాయి

వాక్యం చప్పగా ఉంటుంది, ప్రార్థన పైకప్పు దాటనట్టు ఉంటుంది. అప్పుడు వెంటనే దాచిన పాపం ఏదో ఉందని వెతుక్కోకండి. ఉంటే రాత్రి పరీక్షలో తెలుస్తుంది. లేకపోయినా ఎండకాలం వస్తుంది. 88వ కీర్తన మొదటి నుంచి చివరి దాకా చీకటే, చివరి మాట కూడా ఆశతో ముగియదు, అయినా అది దేవునితోనే మాట్లాడుతుంది. మదర్ థెరిసా ఉత్తరాలు 2007లో పుస్తకంగా అచ్చయ్యాక లోకానికి బాగా తెలిసింది, ఆమె దశాబ్దాలపాటు దేవుని సన్నిధి తెలియని చీకటిలోనే సేవ చేసిందని. అలాంటప్పుడు సమయం తగ్గించినా సరే, కూర్చోవడం మానకండి. "ఏమీ అనిపించట్లేదు, అయినా ఇక్కడే ఉన్నాను" అని చెప్పండి. అదీ నిలిచియుండడమే.

ఏలీయా ప్రవక్త చనిపోతే బాగుండని కోరుకుని పడుకున్నప్పుడు (1 రాజులు 19) దేవదూత ముందు రొట్టె, నీళ్లు ఇచ్చాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు. నిద్ర పట్టకపోవడం, ఆకలి చచ్చిపోవడం, బ్రతకాలని లేకపోవడం లాంటివి ఉంటే డాక్టర్‌ను కలవండి. అది విశ్వాసం తక్కువై చేసే పని కాదు.

ఒంటరిగా చేయకండి

కనబడే సహోదరుణ్ణి ప్రేమించనివాడు కనబడని దేవుణ్ణి ప్రేమించలేడని 1 యోహాను 4:20 ఖండితంగా చెప్తుంది. మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకోమని యాకోబు 5:16లో ఉంది. దానికి సంఘమంతా అక్కర్లేదు, ఒక్కరు చాలు. మీ మాట బయటికి పోనివ్వని మనిషి, మీ తప్పు విని అసహ్యించుకోని మనిషి, అవసరమైతే "ఇందులో నువ్వు నిన్ను నువ్వే మోసం చేసుకుంటున్నావు" అని చెప్పగల మనిషి. మీ రహస్యాలు తెలుసుకుని మీ మీద పెత్తనం చేసేవాళ్లు, ప్రశ్నిస్తే దేవుణ్ణి ప్రశ్నించినట్టే అనేవాళ్లు ఎంత పేరున్న సేవకులైనా ఈ పనికి పనికిరారు.

వారానికి ఒకసారి కలిసి, నోటుబుక్‌లోంచి ఒక్క వాక్యం చదివి వినిపించండి. వాళ్లది కూడా వినండి. ఇద్దరూ కలిసి ప్రార్థించండి. ప్రభు భోజనంలో పాలు పొందే ముందు రోజు ఇది చేస్తే ఇంకా మంచిది, ప్రతివాడూ తన్ను తాను పరీక్షించుకుని ఆ రొట్టె తినాలని పౌలు కొరింథీయులకు రాశాడు కదా.

మధ్యలో కొన్ని రోజులు తప్పిపోతే బాకీ లెక్కలు వేసుకుని, అన్నీ ఒక్కరోజులో తీర్చేయాలని కూర్చోకండి. ఆ సాయంత్రమే నోటుబుక్ తెరిచి "ఈ రోజుల్లో నీ దగ్గరికి రాలేదు, ఎందుకంటే" అని మొదలుపెట్టి, అసలు కారణం రాయండి.